అతుకుకు ముందు

తెలుగునేలకు ఆనుకొనియున్న బస్తర్ సీమలో కమ్మరులు ఇనుమును కొలిమిలో కాల్చి, సుత్తితో సాగగొట్టి, దీపపు సెమ్మెలూ లేళ్ళూ మలుస్తారు. వేడికి ఇనుము పెరుగుతుందని వారికి వేరే చెప్పనక్కరలేదు. పాత స్పోర్ట్స్ కారును బాగుచేసే మెకానిక్కుకు కూడా మొదటి పాఠం అదే.

ఇంగ్లండులో 1962లో వెలువడిన ఎం.జి.బి. కారు ఉత్పత్తి 1980లో ఆగిపోయింది. 1988 నుండి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ దాని బాడీలను తిరిగి తయారుచేయసాగింది. కాని బజారులో దొరికే రేకులన్నీ ఒక్క తీరున కుదరవు.

సైలెన్సర్ గొట్టాన్ని కారు పక్కనుండి బయటకు తీయదలచినప్పుడు చిక్కు రెట్టింపవుతుంది. మీటరు పొడవు ఉక్కు గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3.5 మిల్లీమీటర్లు సాగుతుంది. రబ్బరు దిమ్మెలపై ఇంజను ఊగుతుంది. తగిన ఎడం లేకుంటే గొట్టం రేకుకు తగులుతుంది, రంగు కమిలిపోతుంది. కనుక రేకును తాత్కాలికంగా బిగించి, తలుపు మూసి సందులు చూచి, గొట్టాన్ని వేలాడదీసి, అన్నీ కుదిరిన పిమ్మటనే వెల్డింగ్ చేయాలి.

బస్తర్ కమ్మరి వంకర పోయిన ఇనుమును మళ్ళీ కొలిమిలో పెట్టగలడు. వెల్డింగ్ చేసిన రేకును మాత్రం కోయవలసిందే. ఆ కోతలో దానినంటియున్న అసలు ఇనుము కూడా కొంత పోతుంది. అది మరి తిరిగి రాదు.