పేరుంటేనే మనిషి

మా అమ్మీ పేరు ఫాతిమా బీ. రేషన్ కార్డులో పాతిమాబి. పాత ఓటరు జాబితాలో ఫాతింబీ. తర్వాతి జాబితాలో అసలు లేదు. మా పేర్లలోని ఖాలూ ఫాలూ రాసేవాళ్ల కలం కింద నలిగిపోతాయి. తప్పు రాసేది వాళ్లు. రుజువులు పట్టుకుని తిరిగేది మేం.

అడిగితే 'ఈ అడ్రసులో లేరట' అన్నారు. నలభై ఏళ్లుగా అదే సాయిబుల బజారు, అదే ఇల్లు. ఒకరి పేరు తీసెయ్యమని ఆ నియోజకవర్గంలోని మరో ఓటరు ఏడో నంబరు ఫారం పెట్టొచ్చు. నోటీసిచ్చి విచారించాకే తియ్యాలని రూలుంది. ఆ నోటీసు మా గడప తొక్కలేదు. పేరు మళ్లీ ఎక్కాలంటే ఆరో నంబరు ఫారం, ఫొటో, వయసుకో కాగితం, ఇంటికో కాగితం. మూడు రోజుల కూలి పోగొట్టుకున్నాక ఎక్కింది, పాతీమా బేగం అని. అప్పటికి ఎన్నికలు అయిపోయాయి.

లోకమంతా ఇట్లాగే ఉందా? లేదు. జర్మనీలో ఎక్కడ కాపురమున్నా ఆ ఊరి ఆఫీసులో చిరునామా రాయించుకోవాలి. ఆ రిజిస్టరు నుంచే ఓటర్ల జాబితా తయారవుతుంది. ఎన్నికలప్పుడు కబురు పోస్టులో ఇంటికే వస్తుంది. స్వీడన్‌లోనూ అంతే. అమెరికాలో చాలాకాలం ఎవరి పేరు వాళ్లే వెళ్లి నమోదు చేసుకోవాల్సి ఉండేది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లను ఎక్కువగా ఆపింది ఆ నమోదు బల్ల దగ్గరే. చదువు పరీక్ష పెట్టి వెనక్కి పంపేవాళ్లు. 1965 చట్టం వచ్చాక గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. అదే దేశంలో నార్త్ డకోటా రాష్ట్రంలో నమోదన్నదే లేదు.

మన దేశం 1951-52 తొలి ఎన్నికలకు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంది. గొప్ప పనే. కానీ పరాయి మగాడికి పేరు చెప్పలేక ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకున్న ఆడవాళ్లు దాదాపు 28 లక్షల మంది జాబితాకెక్కలేదు. అన్ని మతాల ఆడవాళ్లూ మా అమ్మీకి అక్కచెల్లెళ్లే.

పేరున్నంత మాత్రాన భయం తీరదు. అస్సాంలో 1997లో లక్షల పేర్ల పక్కన 'డి' అక్షరం పెట్టారు. అనుమానపు ఓటరని దానర్థం. పేరుంటుంది, ఓటుండదు. 2025లో బీహార్ ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పాత పేర్లు లేవు. ఎవరివి, ఎందుకు తీశారో బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

చచ్చినవాళ్ల పేర్లు తియ్యొద్దని ఎవరూ అనరు. దొంగ ఓటు మాకూ నష్టమే. అడిగేదొక్కటే. ఈ నేల మీద ఉన్నామని మేమే ప్రతిసారీ రుజువు చేసుకోవాలా? లేమని చెప్పేవాళ్లు ఒక్కసారైనా రుజువు చూపించరా?