జొన్నగిరిలో ఒక మజిలీ

మా ఊరు ఆదోని. పత్తి వ్యాపారమునకు పేరుపొందిన పట్టణమది. మా తండ్రిగారు అచ్చట ఒక పత్తి మండీలో గుమాస్తాగా నుండిరి. నాకు పదమూడేండ్ల వయస్సున, గుత్తిలో బంధువుల యింట వివాహమునకు మేమిద్దరము ఒకనాడు ముందుగా బయలుదేరితిమి. పత్తికొండ దాటిన పిమ్మట తండ్రిగారు, "ఇచ్చట దిగుదము. జొన్నగిరి చూచి పోవుదము" అనిరి. కారణము మాత్రము చెప్పలేదు.

కారణము నాకు తెలియకపోలేదు. అక్క పెండ్లికి చేసిన అప్పు ఇంకను తీరలేదు. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పొలములలో వజ్రములు దొరకుననియు, ఒక్క రాయి దొరకిన బీదవాడు ధనవంతుడగుననియు మా సీమలో అందరును చెప్పుకొందురు. ఇది వట్టి మాట కాదు. వజ్రములు భూగర్భమున మిక్కిలి లోతున పుట్టి, అతి ప్రాచీన కాలమున శిలాద్రవముతో పైకి వచ్చినవి. అట్టి శిలలు అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు వద్ద గలవు. యుగముల తరబడి వానలకు శిలలు అరగగా వజ్రములు మట్టిలో కలిసినవి. వాన మట్టిని కడిగినప్పుడు ఎన్నడో ఒకటి బయటపడును.

పొలములలో తిరునాళ్లవలె జనము మూగియుండిరి. కర్ణాటకము నుండి వచ్చినవారును గలరు. కొందరు సద్దిమూటలతో వచ్చి చెట్లక్రింద కాపురముండిరి. అయినను తిరునాళ్ల సందడి లేదు. ఎవరును ఎవరి ముఖమును చూడరు. అందరి చూపులును నేలమీదనే. 1851లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా సీమలో బంగారము బయల్పడగా, నావికులు సైతము ఓడలను విడిచి గనులకు పరుగెత్తిరనియు, బల్లారత్ నగరము అట్లు వెలసినదనియు నేను తరువాత చదివితిని. అది చదివినప్పుడు ఈ పొలమే నా కన్నులకు కట్టినది.

మిట్టమధ్యాహ్నమునకు ఒక చేని నడుమ ఏదియో తళుక్కున మెరసెను. నేను ఒక్క పరుగున పోయి తీసితిని. చిక్కుడుగింజ యంత రాయి! దానిని అందుకొన్న తండ్రిగారి చేయి వణకుట చూచితిని. ఇంతలో ఆ చేని అవ్వ కొడవలి చేతబట్టుకొని వచ్చెను.

"నాయనా, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు" అనెను.

తిరిగి చూచితిని. అప్పుడే రెండాకులు తొడిగిన వేరుసెనగ మొలకల మీదుగా నా అడుగులు వరుసగా నున్నవి. ప్రతి అడుగు క్రిందను మొలకలు నలిగియున్నవి.

"విత్తనం అప్పు తెచ్చి విత్తినాము. వానకు మొలిచింది ఇదొక్కటే. నువ్వు తీసింది పలుగురాయి. అట్లాంటివి మా గుడిసె ముందర ఎన్నో ఉన్నాయి" అనెను. ఆమె మాటలో కోపము లేదు. అందుచేతనే నాకు తలయెత్తుటకు సిగ్గు కలిగినది.

అప్పు అను మాట విని తండ్రిగారు తల వంచుకొనిరి. ఆయన ఇవ్వబోయిన రూకలను అవ్వ పుచ్చుకొనలేదు. అంతట ఆయన పంచె ఎగగట్టి, నిలువగల మొలకల నన్నింటిని లేవనెత్తి మొదట మట్టి అదుముచు వచ్చిరి. నేనును అట్లే చేసితిని. చాళ్లు పూర్తియగునప్పటికి ప్రొద్దు వాలినది. అవ్వ మాకు చెంబెడు మజ్జిగ ఇచ్చెను.

గుత్తికి పోవు దారిలోనే ఎర్రగుడి కలదు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములు అచ్చటి బండలపై నున్నవి. అందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, తరువాతివి కుడినుండి ఎడమకును సాగును. అశోకుని కాలమున దక్షిణదేశమున రాజప్రతినిధి నివసించిన సువర్ణగిరి ఈ జొన్నగిరియే యని కొందరు పండితుల మతము. అట్టి బంగారుకొండ చెంత చక్రవర్తి చెక్కించినదేమి? తల్లిదండ్రుల మాట వినవలె, ప్రాణులయెడ దయ చూపవలె, సత్యము పలుకవలె, శిష్యులు గురువులను గౌరవింపవలె నని! శాసనములను చూడవచ్చిన ఒక ఉపాధ్యాయుడు మాకు ఆ సంగతి వివరించెను. తండ్రిగారు చాలసేపు ఆ బండ యెదుట నిలిచిరి.

మా అప్పు తీరుటకు మరి నాలుగేండ్లు పట్టెను. రాత్రులు ఇతరుల పద్దులు వ్రాసి తండ్రిగారు దానిని తీర్చిరి. మరల ఎన్నడును ఆయన వజ్రముల మాట యెత్తలేదు.

నేటికిని తొలకరి పడగానే ఆ పొలములకు జనము వచ్చుచునే యున్నారు. ఇటీవల జొన్నగిరి ప్రాంతమున బంగారు గనియు ఏర్పడినది. ఆ పలుగురాయి నా బల్లమీద నున్నది. ఆ దారిని పోవునప్పుడు నేను చేనిలో దిగను, గట్టుమీదనే నడచుదును.