బొమ్మలు గీసిన గోడ

పిల్లలు ఆడుకునే బండి పందేన్ని గూర్చి విమర్శ పత్రికలో వ్యాసమేమిటని కొందరికి వింతగా తోచవచ్చు. సాహిత్యం మనిషి మనస్సును తీర్చిదిద్దుతుందని నమ్మేవాళ్ళం మనం. ఆ పనిలో ఈనాడు పుస్తకం ఒంటరిగా లేదు. మా అక్కయ్య కొడుకు బెర్లిన్ నగరాన్ని మొదట చూసింది చరిత్ర పుస్తకంలో కాదు, ఒక ఆటలో. వాడి పక్కన కూర్చుని నేనూ చూశాను. చూసిన తర్వాత మనసులో మెదిలినదాన్ని పాఠకులకు మనవి చేయదలచాను.

ఆ ఆట పేరు మారియో కార్ట్ 8 డీలక్స్. జపాను దేశపు నింటెండో కంపెనీ దానిని 2017లో వెలువరించింది. 2022, 2023 సంవత్సరాలలో ఆరు విడతలుగా 48 పందెపు బాటలను దానికి చేర్చింది. వాటిలో 14 బాటలకు నిజమైన నగరాల పేర్లున్నాయి. పారిస్, టోక్యో, లండన్, సింగపూరు, బ్యాంకాక్ మొదలైనవి. వాటిలో భారతదేశపు నగరం ఒక్కటీ లేదు. ఆఫ్రికాది లేదు, దక్షిణ అమెరికాది లేదు. పందెం మూడు చుట్లు. మామూలుగా పందెమంటే తిరిగిన దారినే తిరగడం; ఈ నగరాలలో మాత్రం చుట్టు చుట్టుకూ దారి మారుతుంది. నగరమంటే ఒకే వీధి కాదని కల్పించినవారికి తెలుసునన్నమాట. కాని ఆ వీధులలో పనిచేసే మనిషి మాత్రం ఏ చుట్టులోనూ తగలడు.

బెర్లిన్ బాట 2022 డిసెంబరులో వచ్చింది. బ్రాండెన్‌బర్గ్ ద్వారం, విజయస్తంభం, ఇవన్నీ యాత్రికుల పోస్టుకార్డులలో చూసినవే. నా దృష్టి నిలిచింది వాటిమీద కాదు. బాటలో ఒకచోట, ఒళ్ళంతా రంగురంగుల బొమ్మలు గీసివున్న రాతిపలకలు నిలబడి ఉంటాయి. బండి దగ్గరకు రాగానే ఆ పలక ముందుకు పడి బండిని నలిపివేస్తుంది. తర్వాత లేచి మళ్ళీ యథాస్థానంలో నిలబడుతుంది. ఇది బెర్లిన్ గోడ. స్ప్రే నది ఒడ్డున మిగిలిన గోడ భాగంమీద 1990లో అనేక దేశాల చిత్రకారులు బొమ్మలు గీశారు. ఈ పలకలు దానికి అనుకరణ.

గోడవద్ద కనీసం 140 మంది ప్రాణాలు కోల్పోయారు. దానిని ఆటవస్తువు చేయడం తగునా అని ఎవరికైనా కోపం రావచ్చు. ఆ కోపం న్యాయమైనదే. కాని విమర్శ అక్కడితో ఆగిపోకూడదు. ఈ పలకకు ఒక పూర్వకథ ఉంది.

ఈ రాతిపలకల జాతికి పేరు వొంప్. 1996లో వచ్చిన సూపర్ మారియో 64 అనే ఆటలో వీటి రాజు కనబడతాడు. మారియోను చూడగానే వాడు ఒక ఫిర్యాదు చేస్తాడు. మీ ఇళ్ళకూ కోటలకూ గోడలైనది మేము, మీ దారులకు పరుపైనది మేము, అయినా మమ్మల్ని తొక్కుకుంటూ పోతారు, ఒక్కనాడూ మెచ్చుకోరు అన్నది ఆ ఫిర్యాదు సారాంశం. హాస్యానికి పెట్టిన మాటలే కావచ్చు. కాని ఇది ఎవరి గొంతో మనకు వేరే చెప్పాలా? కట్టడాన్ని చూసినప్పుడల్లా కట్టినవాడెవడని అడగడం అభ్యుదయ సాహిత్యం మనకు నేర్పిన మొదటి పాఠం. ఇక్కడ రాయే స్వయంగా ఆ ప్రశ్న అడిగింది. ఆ రాయినే తెచ్చి బెర్లిన్‌లో గోడగా నిలబెట్టారు. కల్పించినవారు ఉద్దేశించి చేశారో లేదో గాని, బెర్లిన్‌లో నిజంగా జరిగింది ఇదే. శ్రామికుని రాయి శ్రామికునికే అడ్డుగోడ అయింది.

తూర్పు జర్మనీ ప్రభుత్వం తనను తాను కార్మికుల, కర్షకుల రాజ్యమని చెప్పుకుంది. ఆ రాజ్యంలో 1953లో కూలి పెంచకుండా పని కొలతలను పది శాతం పెంచాలని నిర్ణయించారు. జూన్ 16న మొదట పని ఆపినవారు ఎవరు? స్టాలిన్ వీధిలో గొప్ప భవనాలు కడుతున్న తాపీ పనివారు, కూలీలు. మరునాడు సమ్మె దేశమంతటా పాకింది. సోవియట్ టాంకులు దానిని అణచివేశాయి. తర్వాత ఎనిమిదేళ్ళకు, 1961 ఆగస్టు 13న, నగరాన్ని రెండుగా చీల్చే కంచె లేచింది. అదే గోడ అయింది. ప్రభుత్వం దానికి పెట్టిన పేరు ఫాసిస్టు వ్యతిరేక రక్షణ కుడ్యం. ఆనాడు సరిహద్దులో కాపలాకు నిలిపిన దళాల పేరు కార్మికవర్గ పోరాట దళాలు.

రచయితలు ఏం చేశారు? ఈ ప్రశ్న మన సంఘంవంటి సంఘానికి ముఖ్యమైనది. 1953 జూన్ సమ్మె అణగిన కొద్ది రోజులకే తూర్పు జర్మనీ రచయితల సంఘం కార్యదర్శి కూర్ట్ బార్తెల్ పార్టీ పత్రికలో వ్యాసం రాసి కార్మికులనే మందలించాడు. బ్రెహ్ట్ దానికి జవాబుగా వ్యంగ్యంతో ఒక చిన్న కవిత రాశాడు. అది ఆయన జీవించి ఉండగా వెలుగు చూడలేదు. ఆయన 1956లో మరణించాడు. కవిత 1959లో పశ్చిమ జర్మనీ పత్రికలో అచ్చయింది. శ్రామికుల పక్షాన పలికిన మాట శ్రామికుల రాజ్యంలో అచ్చుకు నోచుకోకపోవడంకంటే విచారకరమైన విషయం ఏముంటుంది?

ఈ గోడను చూపించి శ్రామికోద్యమాన్నే దూషించినవారు చాలామంది, మరోచోట మరొకరు గోడలు కట్టినప్పుడు నోరు మెదపలేదు. నిజమే. అయినా ఎదుటివాని మౌనం మన మౌనానికి సాకు కాజాలదు. గోడ మన జెండా రంగు వేసుకున్నంతమాత్రాన గోడ కాకుండా పోదు.

ఆటలో లోపం గోడ ఉండడం కాదు. ఆ గోడను కట్టినవారు లేకపోవడం, కూల్చినవారు లేకపోవడం. అక్కడ పలక తనంతట తానే పడుతుంది, తనంతట తానే లేస్తుంది. పిల్లవాడికి అది పిడుగువంటి, వరదవంటి ఆపద, తప్పించుకుంటే చాలు. బెర్లిన్‌లో గోడ అలా పడలేదు. 1989లో లైప్‌జిగ్ వీధులలో వారం వారం నడిచిన వేలాది జనం, నవంబరు 9 రాత్రి బోర్న్‌హోల్మర్ వీధి తనిఖీ ద్వారం దగ్గర కదలకుండా నిలబడిన జనం దానిని తెరిపించారు. మనుషులు కట్టిన గోడను మనుషులే తెరిచారు. ఈ వాక్యం ఆటలో లేదు. దానిని పిల్లవాడికి చెప్పవలసిన బాధ్యత పక్కన కూర్చున్న పెద్దలది, పాఠం చెప్పే మనది.

ఆటలను నిషేధించాలనో, ఆడేవారిని తక్కువగా చూడాలనో నేను అనడం లేదు. ఒక రాతిపలక నోట, హాస్యంగానైనా, శ్రమ గొంతు వినిపించగలిగిన కళను తేలికగా తీసిపారేయలేము. మన కథలూ కవితలూ ఆ గొంతును ఎంత శ్రద్ధగా వింటున్నాయి, ఏ గోడలోనుంచి వచ్చినప్పుడు వినకుండా దాటిపోతున్నాయి అన్నదే నా సందేహం. దీనిని గూర్చి మన సభలలో దాపరికం లేని చర్చ జరగాలని కోరుతున్నాను.