గెడ్డల వెంట... కొండల చుట్టూ...

అరకు అనగానే చాలామందికి రైలే గుర్తొస్తుంది. వరసగా సొరంగాలు, కిటికీ పక్కనే లోయలు, దూరంగా తెల్లటి దారాల్లా జలపాతాలు... బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. చూడటానికి ఎంత బాగున్నా రైలు దానికి ఇష్టమైన చోటే ఆగుతుంది. గెడ్డ కనిపించిన చోటల్లా దిగాలంటే మాత్రం సొంత బండి ఉండాల్సిందే! విశాఖకు చెందిన ఓ జంట ఈ మధ్య మూడు రోజుల పాటు చేసింది ఆ పనే. ఎస్.కోట మీదుగా అరకు ఎక్కి, పాడేరు, లంబసింగి చూసుకుని నర్సీపట్నం వైపు దిగారు. మొత్తం దాదాపు 350 కిలోమీటర్లు.

ఆయనకు అరవై దాటాయి, ఆమెకు యాభై ఆరు. పెళ్లైన కొత్తలో ఓసారి రైల్లో వెళ్లి బొర్రా గుహలు చూసి సాయంత్రానికి తిరిగొచ్చేశారు. ఆ తర్వాత పిల్లలు, చదువులు, షిఫ్టు డ్యూటీలు. తీరా తీరిక దొరికేసరికి ఆయన కంటికి ఆపరేషన్ అయింది. ఘాట్ రోడ్డు మీద బండి నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆమె కారు నేర్చుకుని నాలుగేళ్లే. బీచ్ రోడ్డు, రైతుబజారు, గుడి... అంతకు మించి నడిపింది లేదు.

‘‘డ్రైవర్ని మాట్లాడనా?’’ అన్నారాయన.

‘‘నన్ను పెట్టుకోండి. జీతం అక్కర్లేదు, మధ్యమధ్యలో సణక్కుండా ఉంటే చాలు’’ అందామె.

మలుపు మలుపుకీ హారన్

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట... ఇక్కడి దాకా మామూలు రోడ్డే. ఎస్.కోట దాటాక కొండ మొదలవుతుంది. ఒక పక్క రాతి గోడ, మరో పక్క లోయ. ఎదురుగా వచ్చే బస్సు మలుపు తిరిగే దాకా కనిపించదు. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర పర్యటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయింది ఈ దారిలోనే.

ఘాట్‌లో కొన్ని పద్ధతులు ప్రాణం నిలబెడతాయి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మలుపు ముందు హారన్ కొట్టాలి, మలుపులో ఓవర్‌టేక్ చేయకూడదు. ఏ గేరులో ఎక్కుతామో దిగేటప్పుడూ దాదాపు అదే గేరు. అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి, అసలు అవసరమైన సమయానికి పట్టదు. ఆమె ఇవన్నీ ఓ కాగితం మీద రాసుకుని డ్యాష్‌బోర్డుకు అంటించుకుంది. మొదటి పది మలుపులూ ఆయన సీటు అంచు పట్టుకునే కూర్చున్నారు. సణగలేదు కానీ, లేని బ్రేకు మీద కాలు మాత్రం తొక్కుతూనే ఉన్నారు!

మన కుళాయి నీళ్లు ఇక్కడివే

బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఇదంతా సున్నపురాయి. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాన నీరు కాస్త ఆమ్లంగా మారి, రాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఆ నీరే పైకప్పు నుంచి బొట్లు బొట్లుగా కారుతూ సున్నాన్ని మళ్లీ పేరుస్తుంది. జనం శివలింగంగా కొలిచే రూపం, ఆవు పొదుగు అని చెప్పుకునే రూపం అలా వేల ఏళ్లలో తయారైనవే.

గోస్తనీ నది పుట్టుక ఇక్కడేనని చెబుతారు. కొండ దిగి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. అక్కడి నుంచి విశాఖకు తాగునీరు వెళ్తుంది. మిగిలిన నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే, ముప్పై ఏళ్లుగా ఈ దంపతులు కడవల్లో పట్టుకున్న నీళ్లలో కొన్ని ఈ రాళ్ల మధ్య నుంచి వచ్చినవే!

ఈ ఊళ్లకు మరో చరిత్రా ఉంది. బొర్రా పంచాయతీ పల్లెల్లో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇవ్వడం మీదే ‘సమత’ సంస్థ న్యాయపోరాటం చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూములను, అవి ప్రభుత్వ భూములైనా సరే, ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశమంతా గిరిజన ప్రాంతాల్లో ఇప్పటికీ చెప్పుకునే తీర్పు ఇది.

బొర్రా నుంచి జీపులో కటికి జలపాతం దగ్గరకు వెళ్లొచ్చు. రాళ్ల దారి, ఒళ్లు హూనమవుతుంది. చివర కొంత దూరం నడక. కానీ చెట్ల మధ్య నుంచి ఒక్కసారిగా ఆ నీటి హోరు వినపడగానే నడుం నొప్పి గుర్తుండదు.

చాపరాయి చెప్పే పాఠం

అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింటు దాటితే అరకు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. ఇక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వానలు వెళ్లాక పొలాల నిండా వలిసె పూలు... పసుపు దుప్పటి పరిచినట్టే!

రెండో రోజు పొద్దున్నే పాడేరు దారిలో చాపరాయి. పేరుకు తగ్గట్టే చాపలా పరుచుకున్న బండ మీద గెడ్డ జారుతుంటుంది. చూడ్డానికి పిల్లలు ఆడుకునే జారుడుబల్లలా ఉంటుంది. మోసమంతా అక్కడే ఉంది. నాచు పట్టిన బండ, దాని కింద లోతైన గుంటలు. ఇక్కడ జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్న పర్యటకులున్నారు.

ఆయన ప్యాంటు మడిచి మధ్య బండ దాకా వెళ్లి కూర్చున్నారు. ఎండ కాస్తోంది. భయపడటానికేమీ లేదనిపించింది. ఒడ్డున మొక్కజొన్న కంకులు కాలుస్తున్న గిరిజన మహిళ మాత్రం విసనకర్ర పక్కన పెట్టి లేచింది.

‘‘అమ్మా, అయ్యగారిని పిలవండి. నీళ్ల రంగు మారింది. పైన వాన పడినట్టుంది’’ అంది.

ఆమె పిలిచింది. ‘‘ఐదు నిమిషాలు’’ అన్నారాయన. రెండోసారి ఆమె పిలవలేదు, అరిచింది. సణుక్కుంటూనే లేచారు. ఒడ్డుకొచ్చి చెప్పులేసుకునే లోపే నీళ్లు ఎర్రబడ్డాయి. మరో పావుగంటకు ఆయన కూర్చున్న బండ కనిపించలేదు. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఆయన లేచి వెళ్లి ఆ మహిళకు నమస్కారం పెట్టారు. ఆమె సిగ్గుపడుతూ, ‘‘కంకి తినండయ్యా, చల్లారిపోతది’’ అంది.

నీళ్లు బురద రంగులోకి తిరగడం, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం, హోరు పెరగడం... ఇవి కనిపిస్తే ఒక్క క్షణం ఆగకూడదు. మనకు ఎండ కాస్తున్నా కొండ మీద కుంభవృష్టి కురుస్తూ ఉండొచ్చు.

నీళ్లు రెండు దారులు

పాడేరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. ఇటువైపు నీళ్ల దారి వేరు. గోస్తనీ తిన్నగా తూర్పు సముద్రానికి వెళ్తే, ఇక్కడి మత్స్యగెడ్డ వెనక్కి, ఒడిశా వైపు తిరుగుతుంది. మాచ్‌ఖండ్‌గా, సీలేరుగా పేర్లు మార్చుకుని శబరిలో కలిసి చివరికి గోదావరి చేరుతుంది. పక్కపక్క కొండల మీద పడిన రెండు చినుకుల్లో ఒకటి భీమిలి, మరొకటి గోదావరి జిల్లాలు చూస్తాయన్నమాట!

మూడో రోజు జి.మాడుగుల దారిలో కొత్తపల్లి జలపాతం. అంచెలంచెలుగా రాళ్ల మీంచి దూకే నీళ్లు. ఈసారి ఆయన మెట్ల మీదే కూర్చుని చూశారు. అక్కడి నుంచి చింతపల్లి మండలంలోని లంబసింగి. స్థానికుల మాటల్లో ‘కొర్రబయలు’... బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని! చలికాలంలో కొన్ని తెల్లవారుజాములు ఇక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పడిపోతుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం దాడి చేసిన చింతపల్లి పోలీస్ స్టేషన్ ఇక్కడికి దగ్గరే. ఈ అడవుల్లో, ఈ చలిలో, ఈ దారుల్లేని కొండల మీద రెండేళ్లు పోరాడారంటే... కారులో తిరిగినవాళ్లకు ఆ కష్టం కాస్తయినా అర్థమవుతుంది.

లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు ఘాట్ దిగేటప్పుడు ఆయన కాలు కదల్లేదు. నిద్రపోయారు!

వెళ్లాలనుకుంటే...

* అక్టోబరు నుంచి జనవరి దాకా అనువైన కాలం. జలపాతాలు నిండుగా చూడాలంటే వానలు తగ్గిన కొత్తలోనే వెళ్లాలి. భారీ వర్ష సూచన ఉంటే వాయిదా వేయడమే మంచిది.

* చీకటి పడ్డాక ఘాట్‌లో ప్రయాణం వద్దు. పొగమంచు తెల్లవారాక కూడా చాలాసేపు ఉంటుంది.

* అరకు, పాడేరు, చింతపల్లిల్లో అవకాశం దొరికినప్పుడే ఇంధనం నింపుకోవాలి. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ అందని చోట్లు ఎక్కువ. కొంత నగదు దగ్గరుండాలి.

* బొంగు చికెన్, కాఫీ, మిరియాలు, రాజ్మా... సంతలో, రోడ్డు పక్కన గిరిజనుల దగ్గరే కొంటే డబ్బు నేరుగా వారికే చేరుతుంది.

* ఓ ఖాళీ సంచి వెంట ఉంచుకోండి. నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు అందులోనే వేసి ఊరికి తెచ్చేయండి. కటికి దగ్గర పారేసిన కవరు గోస్తనీ వెంట తాటిపూడి దాకా రాగలదు.