నమ్మదగిన ముద్ర

అచ్చు అనగానే మన మనస్సునకు పుస్తకము తోచును. అక్షరములను కాగితముపై ఒత్తి వేలకొలది ప్రతులు తీయుటయే ముద్రణమని తలంతుము. కాని దాని అసలు మహిమ ప్రతుల సంఖ్యలో లేదు. మొదటి ప్రతి యెట్లున్నదో పదివేలవ ప్రతియు నట్లే యుండుటలో నున్నది. లేఖకుని చేయి అలసినచో అక్షరము తప్పును. అచ్చుపలకకు అలసట లేదు. ఈ గుణము వలననే ముద్రణము పుస్తకమును దాటి మన జేబులోనికిని, రేడియోలోనికిని, రోగి చేతిలోనికిని చేరినది.

మొదట ద్రవ్యమును గూర్చి చూతము. నోటు కేవలము కాగితమే. దానికి విలువ నిచ్చునది జనుల నమ్మకము. దొంగనోటు ఆ నమ్మకమును హరించును. 18వ శతాబ్దమున అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిను ముద్రాపకుడుగా నుండి, పెన్సిల్వేనియా ప్రాంతపు నోట్లను అచ్చు వేయుచుండెను. 1739లో ఆయన చెట్టు ఆకు యొక్క అచ్చును లోహముతో పోతపోసి, దాని ఈనెలను నోటుపై ముద్రించెను. ఏ రెండు ఆకుల ఈనెలును ఒక్కతీరుగ నుండవు. ఆ సన్నని గీతలను చేతితో చెక్కుట మోసగానికి దుస్సాధ్యము. ప్రకృతి గీసిన గీతయే ప్రజల సొమ్మునకు కావలి యయ్యెను.

మన దేశమున 1928 నుండి నాసికులో నోట్లు అచ్చగుచున్నవి. నేటి 500 రూపాయల నోటును వంచి చూచిన యెడల, దానిలోని భద్రతా దారము ఆకుపచ్చ రంగు నుండి నీలి రంగునకు మారును. వెలుతురున కెత్తి పట్టిన గాంధీమహాత్ముని రూపము కానవచ్చును. కొన్ని గుర్తులు కంటికే గాక వ్రేలికిని తెలియును. పలకపై గీతలను లోతుగా చెక్కి, వానిలో సిరా నింపి, గొప్ప ఒత్తిడితో కాగితమును అదుముటచే ఆ గీతలు నోటుపై ఉబ్బెత్తుగా నిలుచును.

ఈ గీతల విలువను నాకు తెలిపినవారు మా పాఠశాలలోని సంగీతోపాధ్యాయులు. వారికి చూపు లేదు. ఒకనాడు మేమిరువురము అంగడికి పోయితిమి. వర్తకుడు పొరపాటున 200 రూపాయల నోటునకు బదులు 100 రూపాయల నోటు నిచ్చెను. రెంటి అంచులందును నాలుగేసి ఏటవాలు గీతలున్నవి. 200 రూపాయల నోటునందు మాత్రము ఆ గీతల నడుమ రెండు చిన్న వలయములుండును. ఆయన అంచును ఒక్కమారు తడిమి, "అయ్యా, ఇది నూరు" అని మెల్లగా పలికిరి. వర్తకుడు సిగ్గుపడి నోటు మార్చెను. దారిలో ఆయన, "మాస్టారూ, మీకు అంకె యున్నది, మాకీ గీతలే అంకెలు. ఇవి అరిగిన నోటు నాకు తెల్లకాగితమే" అనిరి.

ఇక ముద్రణము విద్యుత్తునకు బాట వేసిన విధము వినుడు. పూర్వము రేడియో లోపల తీగలను ఒక్కొక్కటిగా చేతితో అతికెడివారు. ఒక్క తీగ తప్పిన యంత్రము మూగవోవును. వియన్నా నగరమున పుట్టి 1936లో ఇంగ్లండు చేరిన పాల్ ఐస్లర్ అను ఇంజనీరు తీగలను అచ్చు వేయవచ్చునని తలంచెను. విద్యుత్తు ప్రవహింపని పలకపై రాగిరేకు నతికించి, కావలసిన బాటలను ఆమ్లమునకు లొంగని సిరాతో ముద్రించి, ఆమ్లమున ముంచవలెను. సిరా లేనిచోట రాగి కరగిపోవును. సిరా క్రింది రాగి బాటయై నిలుచును. వార్తాపత్రికల బొమ్మలకై జింకు బ్లాకులు చేయువారి విద్యయు నిట్టిదే. నేడు రేడియో మొదలు సెల్‌ఫోను వరకు ఇట్టి పలకలే ఆధారము.

మూడవది మరింత సున్నితమైనది. మన ఊళ్లలో శుభలేఖలను సన్నని తెరగుండా సిరా నెట్టి అచ్చు వేయుట మీరు చూచియుందురు. అదే పద్ధతిని కర్బనపు సిరాతో చిన్న పట్టీలపై గీతలు వేయుదురు. వానిపై చక్కెరను గుర్తించు ఎంజైము నుంచుదురు. రక్తపు బొట్టు తాకగానే చక్కెర కొలదిని స్వల్పవిద్యుత్తు పుట్టును. యంత్రము దానిని అంకెగా చూపును. ఇట్టి పట్టీలు 1987లో వాడుకలోనికి వచ్చినవి. నా సహధర్మచారిణి నిత్యము ఆ అంకెను చూచియే ఇన్సులిను మోతాదును నిర్ణయించుకొనును. నిన్నటి పట్టీయు నేటి పట్టీయు ఒక్కతీరుగ అచ్చు గాకున్న ఆ అంకె అబద్ధమాడును. ఆ అబద్ధము ప్రాణముమీదికి వచ్చును. అచ్చులో సమానత యన్నది అందము కొరకు మాత్రమే కాదని ఆ పట్టీని చూచినప్పుడెల్ల నాకు తోచును.

విద్యార్థులారా! నోటును, పలకను, పట్టీని చేసిన వారెవరో మనమెరుగము. వారు ప్రతి ప్రతిని మొదటి ప్రతివలెనే శ్రద్ధతో చేసిరను నమ్మకముతోనే మనము బ్రతుకుచున్నాము. ఆ నమ్మకమును నిలుపుటలో మీకును పాలున్నది. నోటుపై వ్రాయకుడు, దానిని నలుపకుడు, పిన్నులు గ్రుచ్చకుడు. మీకు అది ఖర్చగు సొమ్ము. చూపు లేని మరియొకరికి అది చదువవలసిన పుట.