కొండకొక లెక్క, కడలికొక లెక్క

సెలవులకు ఎక్కడికైనా వెళ్దామన్న మాట రాగానే మధ్యతరగతి ఇంట్లో దేశపటం కంటె ముందు పద్దుల పుస్తకం తెరుచుకుంటుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. చేతిలో కొన్నేళ్ళుగా కూడబెట్టిన కొద్దిపాటి సొమ్ము. ఎదుట పది రోజుల సెలవు. నాకు లడాఖ్ కొండలు చూడాలని, నా భార్యకు అండమాన్ సముద్రం చూడాలని కోరిక. వాదన ముదిరి పాకాన పడుతున్న సమయంలో, వంటింటి గుమ్మంలో నిలబడి మా అమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది: "రెండింట్లో ఏది చవక నాయనా?"

ప్రశ్న చిన్నదే. సరైన సమాధానం దొరకడానికి రెండు ప్రయాణాలూ, నాలుగేళ్ళూ పట్టాయి. మొదట మిత్రుల కుటుంబంతో కలిసి లడాఖ్ వెళ్ళాము. తరువాత అమ్మను వెంటబెట్టుకొని అండమాన్ వెళ్ళాము. ఈ రెండు చోట్లకూ పోలిక ఏమీ లేదు. లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ ఏడాదికి కురిసే వాన 100 మిల్లీమీటర్ల ప్రాంతం. అండమాన్‌లో దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఒకచోట గాలి పలుచన, మరొకచోట గాలి నిండా తేమ. అయినా ఖర్చు విషయంలో మాత్రం రెండూ చివరకు మాకు ఒకే పాఠం చెప్పాయి.

చేరుకునే దారి

లేహ్‌కు రెండు ప్రధానమైన రోడ్లున్నాయి. శ్రీనగర్ నుంచి జోజిలా కనుమ దాటి, కార్గిల్ మీదుగా 434 కిలోమీటర్లు. మనాలి నుంచి వచ్చే దారికి 2020 అక్టోబరులో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం వలన రోహ్తాంగ్ కనుమ ఎక్కే శ్రమ తప్పింది. అయినప్పటికీ ఆ తరువాతి కనుమలు తప్పవు గనుక, దారిలో ఒక రాత్రి బస చేసి రెండు రోజుల్లో చేరడమే క్షేమం. హైదరాబాదు నుంచి ఢిల్లీకి రైలులో ఒక పగలూ ఒక రాత్రీ, ఢిల్లీ నుంచి మనాలికి బస్సులో మరొక రాత్రి, అటుపై ఈ రెండు రోజులు. అంటే పోవడానికి నాలుగు రోజులు, రావడానికి నాలుగు రోజులు. పది రోజుల సెలవులో లడాఖ్‌కు మిగిలేవి రెండే!

అండమాన్ సంగతీ ఇంతే. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్, చెన్నైకి 1,190 కిలోమీటర్ల దూరంలో, విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఓడ చార్జీ విమానపు చార్జీ కంటె ఎంతో తక్కువ. కాని చెన్నై నుంచి ఓడ సుమారు 60 గంటలు తీసుకుంటుంది, రోజూ బయలుదేరదు. విశాఖ నుంచి నడిచే ఓడలు మరీ అరుదు. అందుచేత సెలవు పరిమితంగా ఉన్నవారికి రెండు చోట్లకూ విమానమే గతి. చవక దారి డబ్బును మిగిల్చి రోజులను తినివేస్తుంది. రోజులు విస్తారంగా ఉన్న విశ్రాంత ఉద్యోగికి అది నిజంగా చవకే. మాబోటి వారికి కాదు.

విమానపు ధర ఎప్పుడు తగ్గుతుందన్నది ఋతువును బట్టి ఉంటుంది. మన పిల్లలకు సెలవులు వేసవిలో, దసరాకు, సంక్రాంతికి వస్తాయి. సంక్రాంతికి లడాఖ్ గడ్డకట్టి ఉంటుంది. అండమాన్ హాయిగా ఉంటుంది. మే నెల మూడో వారం ప్రాంతంలో నైఋతి ఋతుపవనాలు అండమాన్‌ను తాకే వేళకు లడాఖ్ దారుల మీద మంచు కరగడం మొదలవుతుంది. కాబట్టి ఇంట్లో సెలవులు ఏ నెలలో ఉన్నాయో చూసుకుంటే సగం నిర్ణయం దానంతట అదే జరిగిపోతుంది.

బండికి బాడుగ, తలకు టిక్కెట్టు

గమ్యం చేరిన తరువాత అసలు తేడా బయటపడింది. లడాఖ్‌లో చూడవలసినవన్నీ దూరాలే. ఖార్దుంగ్‌లా దాటితే నుబ్రా లోయ. చాంగ్‌లా దాటితే పాంగోంగ్ సరస్సు. అక్కడి టాక్సీ యూనియన్ ఏ చోటికి ఎంతన్నది నిర్ణయించి పట్టిక ప్రకటిస్తుంది. ఆ రేటు బండికి. ఇద్దరెక్కినా అదే, ఆరుగురెక్కినా అదే. మేము ఆరుగురం గనుక ఆ పెద్ద మొత్తం ఆరు భాగాలై తేలిపోయింది. మా బసలోనే దిగిన ఒక కొత్త దంపతులు మాత్రం అంత బాడుగనూ ఇద్దరే మోయలేక, భాగస్వాముల కోసం రెండు పూటలు బజారంతా వెతికారు.

అండమాన్‌లో లెక్క తలకిందులు. ఇక్కడ దారి అంటే నీరు. శ్రీవిజయపురం నుంచి స్వరాజ్ ద్వీపానికి పోవాలన్నా, షహీద్ ద్వీపానికి పోవాలన్నా పడవ ఎక్కాలి. 2018 డిసెంబరు వరకు వాటి పేర్లు హేవ్‌లాక్, నీల్. పడవలో టిక్కెట్టు తలకొకటి. ప్రభుత్వ పడవ చవక, కాని సీటు దొరకడం కష్టం. ప్రయివేటు పడవ వేగం, ధర హెచ్చు. అద్దాల అడుగున్న పడవలో పగడపు దిబ్బలు చూడటానికీ తలకింత. నీటిలో మునిగి చూడటానికీ తలకింత. మనుషులు పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుందే గాని పంచుకుంటే తరిగేది కాదు. ఇద్దరే అయితే అండమాన్ తేలిక. ఆరుగురైతే లడాఖ్ తేలిక. మా అమ్మ ప్రశ్నకు ఇది మొదటి సమాధానం.

విస్తరి ఖర్చు

లడాఖ్ వాసులు కొద్దిపాటి వేసవిలో బార్లీ, కూరగాయలు, ఆప్రికాట్లు పండించుకుంటారు. తక్కిన సరుకులు చాలావరకు కనుమలు దాటి లారీల్లో రావలసినవే. అండమాన్‌కు చేపా కొబ్బరీ సొంతం. మిగతా సరుకుల్లో ఎక్కువ భాగం ఓడ దిగవలసినదే. అందుచేత శాకాహారికి అండమాన్‌లో విస్తరి కొంచెం ప్రియం. చేప తినేవారికి సులభం.

శ్రీవిజయపురంలో జంగ్లీఘాట్ చేపలరేవు దగ్గర శ్రీకాకుళపు యాస చెవిని పడగానే అమ్మ ముఖం విప్పారింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఒక బెస్త ఇల్లాలు అమ్మను కూర్చోబెట్టి కబుర్లు చెప్పింది. లేచేటప్పుడు ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టి, ఎంత చెప్పినా డబ్బు పుచ్చుకోలేదు. సెల్యులర్ జైలు ఏడు శాఖల్లో నేడు మూడే మిగిలాయి. అమ్మ ఆ వరండాల్లో నెమ్మదిగా నడుస్తూ, "ఇంత దూరం తెచ్చినవారిని తిరిగి పంపేవారా?" అని మాత్రం అడిగింది. ఆనాటి ఓడలెక్కిన వారిలో చాలామందికి తిరుగు ప్రయాణం లేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర వంటి కొందరు మాత్రం శిక్ష ముగించుకొని స్వస్థలం చేరగలిగారు.

పద్దులో రాయని రోజు

ఇక నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. లేహ్‌లో విమానం దిగిన ఉదయం, బస యజమాని మమ్మల్ని రెండు రోజులు కదలకుండా పడుకోమన్నాడు. ఆ ఎత్తున మనకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. విమానంలో వచ్చినవారికి కనీసం 48 గంటల విశ్రాంతి అవసరమని వైద్యులూ చెబుతారు. కాని ఊరికే పడుకోవడానికి గది అద్దె ఎందుకు దండగ అనుకొని, ఆ సాయంత్రమే శాంతి స్తూపం మెట్లెక్కాను. రాత్రికి తల పగిలే నొప్పి, వాంతులు. తెల్లవారేసరికి ఆస్పత్రి మంచం మీద, ముక్కుకు ప్రాణవాయువు గొట్టంతో ఉన్నాను. నాతోపాటు నా భార్యకూ మూడు రోజులు పోయాయి. పాంగోంగ్‌కు కుదుర్చుకున్న బండి మా మిత్రులను మాత్రమే తీసుకొని వెళ్ళింది. బాడుగ బండికి గదా, రూపాయి తగ్గలేదు!

బుద్ధి వచ్చిందనుకున్నాను. అండమాన్‌లో మళ్ళీ అదే పని చేశాను. స్వరాజ్ ద్వీపంలో ఇంకొక పగలు గడపవచ్చునన్న ఆశతో తిరుగు పడవను విమానానికి ముందటి సాయంకాలానికి పెట్టుకున్నాను. ఆ మధ్యాహ్నమే గాలి లేచింది, సముద్రం పోటెత్తింది, పడవలు ఆపివేశారు. మరునాడు మేము రేవులో పడిగాపులు పడుతుండగా మా విమానం మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది. అమ్మ, మేమిద్దరం, మా అమ్మాయి. నాలుగు తలలకు నాలుగు కొత్త టిక్కెట్లు, ఆనాటి ధరకు కొనవలసి వచ్చింది. ఇల్లు చేరి లెక్క చూస్తే, రెండు యాత్రల్లోనూ పెద్ద పద్దు విమానమూ కాదు, బసా కాదు. ఒక్క రోజు మిగిల్చబోయి చెల్లించిన మూల్యమే అన్నిటికంటె పెద్దది.

నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అనలేదు. లడాఖ్‌కు ఖాళీ రోజులు ప్రయాణం మొదట్లో కావాలి. అండమాన్‌కు చివర్లో కావాలి. కొండ మనిషి శరీరాన్ని నిలబెట్టి పరీక్షిస్తుంది. కడలి మనిషి పథకాన్ని నిలబెట్టి పరీక్షిస్తుంది. ఆ రోజుకు గది అద్దె, భోజనం ఖర్చు ముందే రాసుకున్నవాడు ఒకసారి చెల్లిస్తాడు. రాసుకోనివాడు రెండుసార్లు చెల్లిస్తాడు. వయసు మళ్ళినవారిని, గుండె లేక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిని లడాఖ్ తీసుకొని వెళ్ళదలచిన వారు టిక్కెట్టు కంటె ముందు వైద్యుని సలహా కొనుక్కోవాలి. అమ్మను మేము అటు తీసుకొని వెళ్ళకపోవడానికి కారణం అదే.

అండమాన్ నుంచి తిరిగి వచ్చిన వారం తరువాత అమ్మకు లెక్కంతా వినిపించాను. ఇద్దరికైతే ఇది, ఆరుగురికైతే అది. సంక్రాంతికి ఇది, వేసవికి అది. ఓపికగా విని, "అయితే రెండూ చవకే, నీకు తొందర లేకపోతే" అన్నది.

ఇప్పుడు మూడో ప్రయాణపు మాట నడుస్తున్నది. ఎక్కడికన్నది ఇంకా తేలలేదు. కాని పద్దుల పుస్తకంలో కొత్త పుట తీసి, మొదటి వరుసలో "ఖాళీ రోజు: ఒకటి" అని రాసి, దాని ఎదుట ఆనాటి గది అద్దె, భోజనం ఖర్చు వేసి ఉంచాను.