పెట్రోలు వాసన

ఏప్రిల్లో నాన్నకు బదిలీ ఆర్డరు వచ్చింది, జబల్‌పూర్ నుంచి సికింద్రాబాదుకు. సామాను లారీలో, మేము కారులో. సివనీ, నాగపూర్, ఆదిలాబాద్ మీదుగా దారి ఎలా పోతుందో అక్కా, నేనూ అట్లాసులో పెన్సిలుతో గీసుకున్నాం కూడా. తీరా కారే మొరాయించింది.

పొద్దున్న చక్కగా స్టార్టయ్యేది. బజారులో అరగంట ఆపితే మాత్రం ఎంత తిప్పినా అందుకునేది కాదు. అందుకున్నాక గుప్పున నల్లపొగ, పెట్రోలు వాసన. బ్యాటరీ పోయిందన్నారొకరు. కొత్తది వేయించాం. డబ్బు పోయింది, జబ్బు పోలేదు.

"ఈ బండిలో పిల్లల్ని అడవి దారిన తీసుకెళ్తారా? ఇక్కడే అమ్మేయండి" అంది అమ్మ. ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు. ఊరు మారినా, బడి మారినా మాతో వచ్చేది అదొక్కటే.

ఆదివారం నాన్న స్నేహితుడైన మెకానిక్ అంకుల్ వచ్చి నాలుగు ప్లగ్గులూ విప్పారు. మూడింటి కొసలు లేత గోధుమరంగులో ఉన్నాయి. రెండో సిలిండరుది నల్లగా, తడిగా ఉంది. "దొంగ ఇక్కడున్నాడు" అన్నారు.

ఇంజక్టరు పెట్రోలును సన్నని తుంపరగా చల్లి, వెంటనే మూసుకోవాలి. సరిగ్గా మూసుకోకపోతే ఇంజను ఆపాక కూడా రైలులో మిగిలిన ఒత్తిడికి బొట్లు కారుతాయి. (రైలంటే ఇంజక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం, మనం సెలవులకు ఎక్కేది కాదు.) వేడి ఇంజనులో ఆ పెట్రోలు ఆవిరై నిండిపోతే నిప్పు అంటుకోదు.

అంకుల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడిపి ఒత్తిడి తగ్గించారు. ఇంజను చల్లారాక ఇంజక్టర్లతో సహా రైలును పైకెత్తారు. మమ్మల్ని దూరంగా, ఇసుక బకెట్టు పక్కన నిలబెట్టారు. ప్లగ్గులకు కరెంటు అందకుండా చేసి, ఫ్యూజు పెట్టి, నాన్నను తాళం తిప్పమన్నారు. పంపు రెండు క్షణాలు గుర్రుమంది. మూడు కొసలు పొడిగానే ఉన్నాయి. రెండోదానికి మాత్రం ఒక బొట్టు వేలాడి, రాలింది.

మెషీనులో కడిగించినా కారడం ఆగలేదు. కొత్త ఇంజక్టరే వేశారు. నాలుగింటికీ కొత్త రబ్బరు రింగులు నూనె రాసి ఎక్కించారు. ఇంతలో డిప్‌స్టిక్ వాసన చూసి "ఇందులోనూ పెట్రోలే!" అంది అక్క. కారిన పెట్రోలు ఇంజను ఆయిల్లోకి దిగిందట. అదీ మార్చారు. ఇప్పటికీ ఆ సంగతి అక్క రోజుకోసారి గుర్తుచేస్తుంది.

సాయంత్రం అందరం బజారుకెళ్లాం. అమ్మ కావాలనే గాజుల కొట్లో అరగంట కూర్చుంది. నాన్న తాళం తిప్పారు. ఒక్క తిప్పుకే అందుకుంది.

అమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక లారీ సామానులో కట్టిన ఆవకాయ జాడీని విప్పించి, కారు డిక్కీలో పెట్టించింది.